పాత నైట్రో ఇంజను: ప్రారంభము, పోషణము

రేడియో తరంగములచే దూరమునుండి నడుపబడు చిన్న కార్లలో ప్రధానముగా రెండు జాతులు గలవు. బ్యాటరీతోను విద్యుత్ మోటారుతోను నడచునవి మొదటి జాతి. మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలిసిన ఇంధనమును దహించుకొనుచు, నిజమైన ద్విఘాత యంత్రముతో పొగ వెడలించుచు పరుగెత్తునవి రెండవ జాతి. లిథియం పాలిమర్ బ్యాటరీలును, బ్రష్షులు లేని మోటార్లును సులభముగ లభించుచు శక్తిమంతములైన తరువాత, ఈ వినోదములోనికి నూతనముగా వచ్చువారిలో అధికులు మొదటి జాతినే వరించుచున్నారు. తత్ఫలితముగా, ఒకనాడు ఎంతో ధనము వెచ్చించి కొన్న నైట్రో కార్లు అటకల మీదికి చేరి, అచటనుండి స్వల్పమూల్యమునకు చేతులు మారుచున్నవి. అట్లు కొన్నవానికి లభించునది చాలసార్లు కదలని ఇంజను, ఎండి బిరుసెక్కిన రబ్బరు గొట్టము, అడుగున జిగురు కట్టిన ఇంధనపు తొట్టి, ఎవరు ఎటు త్రిప్పి విడిచిరో తెలియని ఇంధనసవరణ సూదులు. ఈ ఇంజను పనికివచ్చునా, దీనిని ఎట్లు పలికింపవలెను, పలికిన పిమ్మట ఎట్లు కాపాడవలెను అను మూడు ప్రశ్నలకు భిన్నవర్గములవారు చెప్పు సమాధానములను పోల్చి, వానిలో యంత్రధర్మమునకు నిలుచునవేవో, కేవలము అలవాటుచే నిలిచినవేవో నిర్ణయించుటకు ఈ వ్యాసము ఉద్దేశింపబడినది.

నా నిర్ణయమును మొదటనే విన్నవించెదను. నైట్రో ఇంజను చపలస్వభావము గలదనియు, దానిని వశపరచుకొనుట ఏ కొందరికో చెల్లుననియు వాడుకలోనున్న అపవాదు సత్యము కాదు. ఇంజనుపై మోపబడు నేరములలో పెక్కు దాని వెలుపలనే పుట్టుచున్నవి: బలము తగ్గిన గ్లో ప్లగ్గులో, చిట్లిన గొట్టములో, చెమ్మ పట్టిన ఇంధనములో, దుమ్ముతో నిండిన ఫిల్టరులో. విచారణ ఒక క్రమమున సాగినచో ఆ దోషములు వరుసగా బయటపడును; క్రమము తప్పి మొట్టమొదటనే కార్బ్యురేటరు సూదులను త్రిప్పినవానికి ఒక దోషము రెండై, రెండు నాలుగై, తుదకు నిర్దోషియైన ఇంజనే దోషిగా కనబడును.

ఇంజను స్వభావము

స్పార్కు ప్లగ్గును, కాయిలును, దానికి కావలసిన బ్యాటరీని మోయుచు తిరిగిన తొలినాటి నమూనా ఇంజన్లకు, అమెరికాలో 1930ల దశకమున విలియం బ్రౌన్ నిర్మించిన బ్రౌన్ జూనియర్ ప్రసిద్ధోదాహరణము. ఆ బరువునంతటిని తొలగించిన ఘనత రే ఆర్డెన్‌కు చెందును. ఆయన 1947లో విపణిలో ప్రవేశపెట్టిన గ్లో ప్లగ్గులో ప్లాటినము కలిసిన సన్నని తీగచుట్టయే ప్రధానాంగము. ప్రారంభమున సుమారు ఒకటిన్నర వోల్టు విద్యుత్తుచే ఆ తీగ ఎఱ్ఱబారును. ఇంజను పలికిన పిమ్మట విద్యుత్తును తొలగించినను, మిథనాలు ఆవిరి ప్లాటినమును స్పృశించునపుడు జరుగు ఉత్ప్రేరకచర్యయు, ప్రతి ఘాతమునందు కలుగు సంపీడనతాపమును, వెనుకటి దహనమున మిగిలిన వేడిమియు కలిసి ఆ తీగను కణకణలాడునట్లే నిలుపును. విమానముల నమూనాలలో పెరిగిన ఈ ఇంజను 1960ల చివరి సంవత్సరములలో రేడియో కార్లలోనికి వచ్చి, 1977లో కాలిఫోర్నియాలోని పొమోనాయందు ఎనిమిదవవంతు పరిమాణపు కార్లకు ప్రపంచస్థాయి పోటీ జరుగునాటికి స్వతంత్రక్రీడగా స్థిరపడెను. 1999లో టెక్సాసునకు చెందిన ట్రాక్సస్ సంస్థ వెలువరించిన టీ-మాక్స్ వంటి బండ్లు, పందెములతో సంబంధము లేని గృహస్థులకును దానిని చేరువ చేసినవి. నేడు పాతసరుకుగా దొరకువానిలో ఇట్టి బండ్లే అధికము.

వీని ఇంజన్లు ఘనాంగుళపు భిన్నములలో .12, .15, .18, .21 అని వ్యవహరింపబడును. అనగా సుమారు 2 ఘన సెంటీమీటర్లు మొదలు 3.5 ఘన సెంటీమీటర్ల వరకు గల పరిమాణములు. ఇంత చిన్న యంత్రము నిమిషమునకు 30,000 చుట్లను మించి తిరుగగలుగుటకు ఒక కారణము దాని పిస్టనునకు రింగు లేకపోవుట. సిలికాను కలిసిన అల్యూమినియపు పిస్టను, లోపల క్రోమియపు పూత గల ఇత్తడి స్లీవులో ఆడును. ఆ స్లీవు పైభాగమున కించిత్తు సన్నగిలియుండును. అందుచే చల్లగానున్నపుడు పిస్టను పైకొసకు చేరగనే బిగుసుకొనును. వేడెక్కినపుడు ఇత్తడి పిస్టనుకంటె హెచ్చుగా వ్యాకోచించి, రెంటి నడుమ ఉండవలసినంత సందు మాత్రము ఏర్పడును. ఈ ఇంజను వేడిలోనే సరిపడునట్లు మలచబడినది. చలిలో దాని కొలతలు అసంపూర్ణములు. ఈ సంగతి గ్రహించినవానికి ముందు రాబోవు వివాదములలో సగము సులభముగా పరిష్కారమగును.

ఇంధనము

ఇంధనవిషయమున ఉన్నన్ని మతభేదములు మఱి దేనియందును లేవు. బరువున ఒక వంతు మిథనాలు పూర్తిగా దహింపబడుటకు సుమారు ఆరున్నర వంతుల గాలి కావలెను; నైట్రోమీథేను తన అణువులోనే రెండు ప్రాణవాయు పరమాణువులను ధరించియుండుటచే దానికి 1.7 వంతుల గాలియే చాలును. కావున సిలిండరులో పట్టు గాలి మారకున్నను, నైట్రోమీథేను పాలు పెరిగినకొలది హెచ్చు ఇంధనమును దహించి హెచ్చు శక్తిని పొందవచ్చును. కార్లకు అమ్మబడు ఇంధనములలో దాని పాలు సాధారణముగా 16 మొదలు 30 శాతము వరకు ఉండును. అధికశాతమును సమర్థించువారు శక్తిని, మందగతిలోని స్థిరత్వమును చూపుదురు. అల్పశాతమును కోరువారు వెలను, తుప్పును, అరుగుదలను చూపుదురు. ఇరువురి మాటయందును సత్యము గలదు. అయితే యూరోపియన్ యూనియనులో 2019/1148 సంఖ్య గల నిబంధన 2021 ఫిబ్రవరి 1 నుండి వర్తించుచు, 16 శాతమును మించి నైట్రోమీథేను గల ద్రవములను అనుమతిపత్రము లేని సామాన్యులకు దొరకనీయకుండ నిషేధించినది; విస్ఫోటకముల తయారీకి ఆ పదార్థము ఉపకరించుటయే అందుకు హేతువు. అచటి క్రీడాకారులు 16 శాతపు ఇంధనమునకు సూదులను సవరించుకొని తమ కార్లను నడుపుచునే యున్నారు. అధికశాతము అవసరము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. తయారుచేసినవారు సూచించిన శాతమును ఎన్నుకొని, దానినే ఎల్లపుడును వాడుట పాత కారు యజమానికి శ్రేయస్కరము. శాతము మారినపుడెల్ల సూదులు మార్చవలసివచ్చును. కొన్ని ఇంజన్లలో సిలిండరు మూత క్రింది పలుచని షిమ్ములనుగూడ మార్చవలసివచ్చును.

రెండవ వివాదము నూనెను గూర్చినది. తెలుగువారికి ఆముదము చిరపరిచితము. పాలమూరు, నల్లగొండ మెట్టనేలలకు ఆముదపు పంట కొత్త కాదు. ఆ నూనెయే మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ విమానయంత్రములకు కందెనయై, నేటికిని ఈ చిన్న ఇంజన్లకు రక్షకముగానున్నది. అది మిథనాలులో చక్కగా కరగును; ఇతరములైన నూనెలు కాలిపోవు తాపమునందును లోహముపై పొరగా నిలుచును; తుప్పును వారించును. కాని అదే గుణముచే అది కాగి చిక్కబడి, పిస్టనుపైని, స్లీవుపైని గోధుమవర్ణపు పూతగా అంటుకొని, నెలల తరబడి వాడని ఇంజనును బిగించివేయును. కృత్రిమముగా సిద్ధపరచిన నూనెలు పరిశుభ్రములు, ఘర్షణను తగ్గించునవి. కాని గాలి హెచ్చి ఇంధనము తగ్గిన క్షణమున అవి ముందుగా ఓడిపోవును. కావున రెండును కలిసిన ఇంధనమే యుక్తము. సూది సవరణలో ఇంకను చేయి తిరగనివానికి ఆముదపు పాలు కొంత హెచ్చుగానుండుటయే మేలు. ఆతడు చేయు తప్పిదములను ఆ నూనె కొంతవరకు భరించును.

ఇచట రెండు నిషేధములు చెప్పవలెను. మోపెడ్లలో పోయు పెట్రోలు-నూనె మిశ్రమము దీనికి ప్రత్యామ్నాయము కాదు; ప్లాటినపు తీగను వెలుగులో నిలుపు గుణము మిథనాలుది. కారుతోబాటు అమ్మకందారు ఇచ్చిన సగము సీసా ఇంధనమునుగూడ నమ్మరాదు. మిథనాలు గాలిలోని తేమను ఆకర్షించును. మూత వదులైన సీసాలో మిగిలినది, ముఖ్యముగా విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో, కొంతకాలమునకు నీరు కలిసిన ఇంధనమగును. ఇంజను పలుకని దినమున ఈ ఒక్క సందేహము లేకుండ చేసికొనుటకు కొత్త సీసా వెల చెల్లించుట వ్యర్థవ్యయము కాదు.

పలికింపక ముందు పరీక్ష

పాత ఇంజనును తొలిసారి చేతబట్టినవాడు ఇంజనును పలికించు తాడు లాగుటకు తొందరపడరాదు. మొదట ఫ్లైవీలును వ్రేళ్ళతో మెల్లగా త్రిప్పి చూడవలెను. అది కదలనిచో బలము ప్రయోగించుట తగదు. కనెక్టింగు రాడ్డు వంగుటకును, విరుగుటకును అదియే మార్గము. బిగిసినది ఆముదపు జిగురైనచో, జుట్టు ఆరబెట్టు యంత్రముతో సిలిండరును వెచ్చజేసి, ప్లగ్గు రంధ్రమునుండియు కార్బ్యురేటరునుండియు కొన్ని చుక్కల ఇంధనమును పోసి, ఒక రాత్రి విడిచి, మరల వెచ్చజేసి త్రిప్పినచో సాధారణముగా వదులును. తుప్పు పట్టి బిగిసినచో బేరింగులను మార్చక తప్పదు.

తిరుగు ఇంజనులో పిమ్మట చూడవలసినది కంప్రెషను. చల్లగానున్న ఇంజనులో పిస్టను పైకొసకు చేరునపుడు స్పష్టమైన ఆటంకము తోచవలెను. ఆటంకమేమియు లేక ఫ్లైవీలు చుట్టును సులువుగా తిరిగినచో పిస్టనును స్లీవును అరిగినవని తలంపవచ్చును. అట్టి ఇంజను చల్లనివేళ ఎట్లో పలికినను, వేడెక్కగనే ఆగిపోయి, చల్లారువరకు మరల పలుకదు. పిస్టను పైకొస సమీపమున ఉన్నపుడు ఫ్లైవీలును ఇటునటు కొంచెము కదపినచో, పిస్టను కదలకయే ఫ్లైవీలు కదలు మేర రాడ్డు అరుగుదలను తెలుపును. త్రిప్పునపుడు ఇసుక నలిగినట్లు గరగరమను ధ్వని బేరింగుల తుప్పును, ముందరి బేరింగునుండి ఇంధనము చిమ్ముట దాని అరుగుదలను సూచించును. పొగగొట్టమును ఊడదీసి ఆ ద్వారమునుండి చూచినచో పిస్టనుపై నిలువుగీతలున్నవో లేవో కనబడును. గీతలున్నచో దుమ్ము లోపలికి పోయినదని అర్థము. ఎయిర్ ఫిల్టరును ఒకసారి చేతిలోనికి తీసికొని చూచినచో పూర్వపు యజమాని ఇంజనును ఎట్లు పోషించెనో తెలియును. స్పాంజి ఎండి, చినిగి, నూనె లేకయున్నచో మూల్యము ఎంత స్వల్పమైనను ఆలోచింపవలసినదే.

అరిగిన ఇంజనును బాగుచేయుటయా, కొత్తది కొనుటయా అను ప్రశ్నకు మూడు సమాధానములు వినవచ్చును. పిస్టను, స్లీవు, రాడ్డు కలిసిన జతను మార్చుట మొదటిది; స్లీవు పైభాగమును మరల బిగించి పాత పిస్టనుతోనే కొంతకాలము నడుపుట రెండవది; ఇంజనును పూర్తిగా మార్చుట మూడవది. జత వెలయే కొత్త ఇంజను వెలలో పెద్ద పాలగునపుడు, దానికి బేరింగుల వెలనుగూడ కలిపి లెక్కింపక నిర్ణయము చేయరాదు. స్లీవును బిగించుట క్రోమియపు పూత చెడనపుడే ఫలించును. తయారీ నిలిచిపోయిన నమూనాలకు భాగములే దొరకవు గనుక, కారు కొనుటకు ముందే ఆ భాగములు లభ్యములో కావో విచారించుట వివేకము.

ఇంజనునకు వెలుపలి పరీక్ష ఇంతకంటెను ముఖ్యము. పొగగొట్టపు పీడనమే తొట్టిలోని ఇంధనమును కార్బ్యురేటరునకు నెట్టును. తొట్టి మూత రబ్బరు చెడినను, గొట్టము సూదిమొనయంత చిట్లినను ఆ పీడనము నిలువదు. తొట్టిని ఊడదీసి, ద్వారములను మూసి, నీట ముంచి, ఒక గొట్టముగుండ ఊదినచో బుడగలు దోషస్థానమును చూపును. కార్బ్యురేటరు మెడవద్దను, వెనుకపలక అంచునను గాలి చొరబడుచున్నచో, తాపమును సహించు సిలికాను ముద్దతో మూయవలెను. రబ్బరు గొట్టములను, ప్లగ్గును, ఫిల్టరు స్పాంజిని పరీక్షింపకయే కొత్తవానితో మార్చుట అందఱును అంగీకరించు పద్ధతి. వీని వెల స్వల్పము. ఇవి కలిగించు భ్రాంతి అపారము.

ప్రారంభవిధానము

ఇంజను పలుకుటకు ఇంధనము, వెలుగుచున్న తీగ, కంప్రెషను, గాలి అను నాలుగే కావలెను. నాలుగును తగుపాళ్ళలో ఉన్నపుడు పలుకకపోవుట జరుగదు; పలుకనపుడు నాలుగింటిలో ఒకటి కుదరలేదని నిశ్చయింపవచ్చును.

ముందుగా కారును చక్రములు నేలకు తాకకుండ పీటపై నిలుపవలెను. ట్రాన్స్‌మిటరును మొదటను, రిసీవరును పిమ్మటను వెలిగించి, త్రాటిలు తనంతట మందగతికి మరలుచున్నదో లేదో, బ్రేకు పట్టుచున్నదో లేదో చూడవలెను. రేడియో సంకేతము తప్పినపుడు త్రాటిలును మూయు ఫెయిల్‌సేఫ్ ఏర్పాటు లేని పాత కారును ఆ లోపము తీర్చకుండ నడుపుట ప్రమాదము. కార్బ్యురేటరు మూతి మందగతివేళ సుమారు ఒక మిల్లీమీటరు తెరచియుండవలెను. ప్లగ్గును ఊడదీసి, దానికి విద్యుత్తునిచ్చు ఇగ్నైటరుకు తగిలించినచో దాని తీగ నారింజవర్ణమున ప్రకాశింపవలెను. మసకగానున్నచో దోషము ఇగ్నైటరు బ్యాటరీదో ప్లగ్గుదో మరియొక ప్లగ్గుతో తేల్చుకొనవచ్చును.

తరువాత పొగగొట్టపు కొసను వ్రేలితో మూసి తాడును ఒకటి రెండుమార్లు లాగినచో, పీడనముచే ఇంధనము గొట్టముగుండ కార్బ్యురేటరు వరకు ప్రాకివచ్చుట కంటికి కనబడును. అచట చేరగనే వ్రేలు తీసివేయవలెను. ఇగ్నైటరును తగిలించి, తాడును జానెడున్నర మించకుండ చురుకుగా లాగవలెను. కొసవరకు లాగిన తాడు తెగును, లేదా లోపలి స్ప్రింగు చెడును. విద్యుత్ స్టార్టరు గల కార్లలోను, క్రిందనుండి ఫ్లైవీలును త్రిప్పు స్టార్టరు పెట్టెతో నడచు పందెపు కార్లలోను ఇదే క్రమము.

తాడు లాగబోగా ఆకస్మికముగా బిగుసుకొన్నచో సిలిండరులో ఇంధనము నిండినదని గ్రహింపవలెను. ద్రవము నలుగదు, బలవంతముగా త్రిప్పినవాడు రాడ్డును కోల్పోవును. ప్లగ్గు ఊడదీసి, కారును తలక్రిందులు చేసి, రంధ్రముపై గుడ్డ కప్పి, అయిదారుమార్లు త్రిప్పినచో అధికేంధనము వెడలిపోవును. ఇంజను పలికిన పిమ్మట ఒక నిమిషము వెచ్చబడనిచ్చి ఇగ్నైటరును తీయవలెను. తీయగనే ఆగినచో ప్లగ్గు బలహీనమైనదో, మందగతి మిశ్రమము చిక్కనైనదో అయి యుండును. బిగువు హెచ్చుగానున్న కొత్త జత గల ఇంజనును సిలిండరు వెచ్చజేసిన తరువాతనే పలికింపవలెను; చలిలో లాగుట తాడునకును, రాడ్డునకును హానికరము.

సూదుల సవరణ

కార్బ్యురేటరునకు సాధారణముగా వేగసూది, మందగతి సూది, మందగతి స్క్రూ అను మూడు సవరణస్థానములుండును. సవ్యముగా త్రిప్పిన సూది ఇంధనమును తగ్గించును. అపసవ్యముగా త్రిప్పినది పెంచును. పాత కారులో సూదులు ఎచట నున్నవో నమ్మరాదు గనుక, తయారీదారు నిర్దేశించిన మూలస్థానమునకు వానిని మరల్చి అచటనుండి ప్రారంభించుట మొదటి నియమము. ఇంజను పూర్తిగా వెచ్చబడినగాని సవరింపరాదనుట రెండవది. ఒక్కమారు చుట్టులో ఎనిమిదవవంతును మించి త్రిప్పరాదనుట మూడవది.

ముందుగా వేగసూదిని చూడవలెను. పూర్ణవేగమున కారు మందముగా, దట్టమైన పొగతో ఈడ్చుకొని పోయినచో ఇంధనము హెచ్చు; పొగ సన్నగిలి, మొదట వేగముగా పోయి నడుమ తెగినచో ఇంధనము తక్కువ. నీలిపొగ సన్నని రేఖగా ఎల్లపుడును కనబడవలెను. నూనె ఇంధనముతోగాక మరియొక రీతిని ఈ ఇంజనునకు అందదు; అది అందుచున్నదనుటకు పొగయే గుర్తు. తరువాత మందగతి సూది. మందగతిలోనున్నపుడు ఇంధనపు గొట్టమును వ్రేళ్ళతో నొక్కినచో, వేగము కొంచెము పెరిగి రెండు మూడు క్షణములలో ఆగుట సరియైన లక్షణము. వెంటనే ఆగినచో ఇంధనము తక్కువ, చాలసేపు సాగినచో హెచ్చు. చివరకు స్క్రూతో మందగతిని స్థిరపరుపవలెను. వేగము తగ్గించినను ఇంజను కొంతసేపు కేకవేయుచునే యున్నచో సూదిని నిందింపక మరల గాలి చొరబాటును వెదకవలెను.

ఉష్ణమాపకమును గూర్చి రెండు పక్షములు గలవు. ప్లగ్గువద్ద 100 మొదలు 130 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉష్ణోగ్రత నుంచుటయే సవరణయని ఒక పక్షము. పొగను, ధ్వనిని, వేగమును చూచి సవరించి ఉష్ణోగ్రతను లెక్కింపరాదని రెండవ పక్షము. ఇంజను నమూనా, ప్లగ్గు రకము, ఇంధనపు శాతము, ఎండ, ఇవి మారినచో సరియైన ఉష్ణోగ్రతయు మారును గనుక ఒకే సంఖ్యను లక్ష్యముగా పెట్టుకొనుట పొరపాటు. అయినను అనుభవము లేనివానికి అపాయమును ముందుగా తెలుపు సాధనము వేరొకటి లేదు. మాపకము లేనివారు సిలిండరు తలపై ఒక నీటిబొట్టు వేసి చూతురు: మూడు నాలుగు క్షణములలో ఇగిరినచో తాపము సరి, తాకగనే ఎగిరిపోయినచో అపాయము, కదలక నిలిచినచో చలి. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల గ్రీష్మపు మధ్యాహ్నమున గాలి పలుచనగుటచే మిశ్రమము చిక్కబడును, సిలిండరు చల్లారుటయు కష్టమగును. అట్టి వేళలో సూదిని మాటిమాటికి సవరించుటకంటె ఉదయమును, సాయంకాలమును ఎన్నుకొనుట మేలు.

కొత్త జతను సాధుచేయు పద్ధతిలోను ఇట్టి భేదమే గలదు. పెక్కు తొట్ల ఇంధనమును అతి చిక్కని మిశ్రమముతో, చల్లగా, నిలిచినచోటనే కాల్చవలెనని పూర్వపు ఆచారము. రింగు గల ఇంజన్లకు అది తగియుండవచ్చును. సన్నగిలిన స్లీవు గల ఇంజనులో చల్లని పరుగు ఆ బిగువునే అరగదీయును, రాడ్డుపై భారము మోపును. కావున సుమారు 90, 100 డిగ్రీల వేడిమికి తెచ్చి, కొద్ది నిమిషములు నడిపి, పిస్టనును అడుగుకొసన ఉంచి పూర్తిగా చల్లార్చి, మరల నడుపు పద్ధతియే యంత్రధర్మానుకూలము. ఈ వివాదమున మధ్యేమార్గము లేదని నా నిశ్చితాభిప్రాయము.

నిత్యపోషణ

నైట్రో ఇంజనునకు ముగ్గురు శత్రువులు: దుమ్ము, అతితాపము, తేమ. వేగమును గూర్చి చర్చించువారు అనేకులు. ఈ మూడింటిని గూర్చి శ్రద్ధవహించువారు అల్పులు. ఇంజను ఆయుర్దాయమును నిర్ణయించునది ఈ శ్రద్ధయే.

ఫిల్టరు స్పాంజిని ప్రతిదినపు నడక ముగియగనే ఊడదీసి, గిన్నెలు తోము సబ్బునీటిలో కడిగి, ఆరబెట్టి, ఫిల్టరు నూనెను సమముగా పట్టించి తొడగవలెను. నూనె లేని స్పాంజి సన్ననిదుమ్మును ఆపజాలదు. ఆ దుమ్ము నూనెతో కలిసి స్లీవును అరగదీయును. ఒక్క మధ్యాహ్నము ఫిల్టరు లేక పరుగెత్తిన ఇంజను పాడగుటకు మరియొక కారణము అక్కరలేదు.

నడక ముగిసిన పిమ్మట తొట్టిని పూర్తిగా ఖాళీచేసి, గొట్టములోను సిలిండరులోను మిగిలిన ఇంధనమును మందగతిలోనే దహింపజేయవలెను. ఇంధనములోని నూనెయే రక్షణ కాదా అని కొందరు ప్రశ్నింతురు. నైట్రోమీథేను దహనమున పుట్టు ఆమ్లశేషమును, మిథనాలు ఆకర్షించు తేమయు ఆ నూనెతోబాటే లోపల నిలుచును; ఉక్కు బేరింగులు తుప్పుపట్టుటకు కొద్ది దినములు చాలును. కావున నడక పిమ్మట వేయుటకు ఉద్దేశింపబడిన ఆఫ్టర్-రన్ నూనె అయిదారు చుక్కలు ప్లగ్గు రంధ్రమునను కార్బ్యురేటరునను వేసి, ఇంజనును కొన్ని చుట్లు త్రిప్పి, పిస్టనును అడుగుకొసన ఉంచి విడువవలెను. పైకొసన విడిచినచో చల్లారుచున్న స్లీవు పిస్టనును పట్టుకొనును, బిగువును నష్టపరచును. ఈ పనికి పది నిమిషములు పట్టదు.

ప్లగ్గును తరచు ఊడదీసి చదువుట నేర్చుకొనవలెను. తీగ తడిగా మెఱయుచున్నచో మిశ్రమము కొంత చిక్కనిది. తీగ బూడిదవర్ణమై వంకరతిరిగినచో ఇంధనము చాలలేదు. లోహపు రేణువులు అంటియున్నచో లోపల ఏదియో అరుగుచున్నది. క్లచ్చులోని బేరింగులు ఇంజనుకంటె ముందు చెడును. వానిని తరచు తుడిచి చమురు వేయవలెను. ఇంజనును ఊడదీసి బిగించినపుడెల్ల పళ్ళచక్రముల నడుమ సన్నని కాగితపుముక్కను ఉంచి సందు కుదుర్చుకొనవలెను; లేనిచో పళ్ళు అరుగును, లేదా ఇంజనుపై వృథాభారము పడును.

జాగ్రత్తలను గూర్చి చెప్పక ముగించుట అపరాధము. కల్తీసారాలో కలిసి మన గ్రామములలో ప్రాణములను, చూపును హరించిన మిథనాలే ఈ ఇంధనములో అధికభాగము. అది చర్మముగుండను, ఆవిరిగాను దేహములో ప్రవేశించును. త్రాగునీటి సీసాలో దానిని ఎన్నడును పోయరాదు. పిల్లలకు అందకుండ, బిగుతైన మూతతో, ఎండ తగులని చోట నుంచవలెను. మిథనాలు జ్వాల పట్టపగలు కంటికి కనబడదు. ఇంధనము నింపునపుడు సమీపమున నిప్పు ఉండరాదు. మూసిన గదిలో ఇంజనును నడపినచో కార్బన్ మోనాక్సైడు పేరుకొనును. సిలిండరు తలను, పొగగొట్టమును తాకినచో చేయి కాలును.

తీర్పు

ఈ చర్చనంతటిని సంగ్రహించినచో తేలునది ఇది. నైట్రో శాతము, నూనె రకము, ఉష్ణోగ్రత సంఖ్య, ఇవి ఎంత వాదమునకు ఆస్పదములైనను, పాత ఇంజను జీవన్మరణములను నిర్ణయించునవి కావు. దానిని బ్రదికించునవి కంప్రెషను పరీక్ష, గాలి చొరని గొట్టములు, కొత్త ప్లగ్గు, తాజా ఇంధనము, నూనె పట్టించిన ఫిల్టరు, నడకపిమ్మటి పదినిమిషముల శ్రద్ధ. విద్యుత్ కారు ఈ శ్రమను కోరదు. శ్రమను ఇష్టపడనివారు దానినే కొనుట ధర్మము. యంత్రమును తెలిసికొనవలెనను కుతూహలము గలవానికి, ముఖ్యముగా ఉష్ణము, దహనము, లోహము అనువానిని పుస్తకములలో మాత్రము చదివిన విద్యార్థికి, ఇంత తక్కువ వెలకు ఇంత చక్కని గురువు వేరొకటి దొరకదు. కాబట్టి పాత నైట్రో కారును కొనదలచిన పాఠకునకు నా విన్నపము ఒక్కటి: తాడు లాగుటకు ముందు ఫ్లైవీలును వ్రేలితో త్రిప్పి చూడుడు, సూదిని త్రిప్పుటకు ముందు ప్లగ్గును, గొట్టమును, ఫిల్టరును చూడుడు, ఇంజను ఆగిన పిమ్మట నూనె వేయక దానిని విడువకుడు.